‘గుండె ఆగి మృతి’ అంటే ఏం రాసినట్టు?

మే నెలలో ఉపాధి పనికి పోయిన మనిషి మట్టి తట్ట పక్కనే కూలిపోతాడు. కాగితం మీద ‘గుండె ఆగి మృతి’ అని రాస్తారు. అయ్యా, చచ్చిన ప్రతి మనిషికీ గుండె ఆగుతుంది! ఎందుకు ఆగిందో రాయండి. వడదెబ్బ అని రాయకపోతే ఆ ఇంటావిడ పరిహారం అడగడానికి చేతిలో కాగితమే ఉండదు.

గంటల తరబడి కారే చెమటతో నీళ్లే కాదు, సోడియం కూడా పోతుంది. పోయిన ఉప్పు ఇవ్వకుండా ఉత్త నీళ్లే తాగిస్తూ పోతే రక్తంలో సోడియం ఇంకా పలచబడుతుంది. లీటరుకు 135 మిల్లీమోల్స్ నుంచి బాగా కిందికి పడితే మెదడు కణాలు నీరు పీల్చి ఉబ్బుతాయి. తలనొప్పి, వాంతులు, పొంతనలేని మాటలు, ఫిట్స్. చూసినవాళ్లు ‘పొద్దున్నే తాగొచ్చాడు’ అంటారు. మాలపల్లె, మాదిగపల్లె మనిషైతే ఆ మాట ఇంకా తొందరగా వస్తుంది.

దానికి విరేచనాలు తోడైతే పొటాషియమూ పోతుంది. 3.5 అయినా ఉండాల్సింది 2.5 దాటి దిగితే కాళ్లు లేవవు, గుండె లయ తప్పుతుంది. పైగా చనిపోయాక కణాల్లోని పొటాషియం రక్తంలోకి కారుతుంది; శవంలో కొలిచినా ఆ లోటు దొరకదు.

పని చోట తాగునీరు, నీడ, ప్రథమ చికిత్స పెట్టె ఉండాలని 2005 ఉపాధి హామీ చట్టమే చెప్పింది. లీటరు నీళ్లలో కలిపే ఓఆర్‌ఎస్ పొడి ఎంత? 2.6 గ్రాముల ఉప్పు, 1.5 గ్రాముల పొటాషియం క్లోరైడ్, కాస్త సిట్రేట్, 13.5 గ్రాముల గ్లూకోజ్. దీనికి బడ్జెట్ లేదట!

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈసారి కబురొస్తే సంతాప సభకంటే ముందు పంచనామా దగ్గరికి పోండి. ఆ రోజు ఎండ ఎన్ని డిగ్రీలు, ఎన్ని గంటలు తవ్వాడు, నీళ్ల క్యాను ఎంత దూరంలో ఉంది, ఫిట్స్ కళ్లారా చూసిందెవరు, ఇవన్నీ రాయించాకే సంతకం పెట్టనివ్వండి.