మందులు చేస్తే ఉద్యోగం, వేసుకుంటే అన్‌ఫిట్

మన విశాఖ పక్కనే పరవాడ ఫార్మాసిటీలో మందులు తయారుచేస్తే అది ఉద్యోగం. అలాంటి మందే వేసుకుంటున్నానని దరఖాస్తులో రాస్తే ఆ ఉద్యోగం హుళక్కి.

"రెగ్యులర్‌గా మందులేమైనా వాడుతున్నారా?" గాజువాక, దువ్వాడ వైపు నేను నింపిన ప్రతి ఫారంలోనూ ఇదే ప్రశ్న. మూర్ఛకి రోజూ రాత్రి మాత్ర వేసుకుంటాను. ఆరేళ్లుగా ఫిట్స్ లేవు. అడిగింది అకౌంట్స్ ఉద్యోగం. అయినా ఒక కంపెనీ మెడికల్‌లో 'అన్‌ఫిట్' అనేసింది.

క్రేన్ నడిపేవాణ్ణీ, కొలిమి దగ్గర నిలబడేవాణ్ణీ అడగాల్సిందే, ఒప్పుకుంటాను. లెడ్జర్ మీద పడి ఎవరు కాలిపోతారండీ?

2016 వికలాంగుల హక్కుల చట్టం వివక్ష కూడదంటుంది. కానీ అది చెప్పిన 21 వైకల్యాల్లో మూర్ఛ పేరు లేదు, మధుమేహం పేరూ లేదు. రిజర్వేషన్ కావాలంటే కనీసం 40 శాతం వైకల్యం చూపించాలి. మాత్ర పనిచేస్తోంది కాబట్టి నాకు సర్టిఫికెట్ రాదు. మాత్ర వేసుకుంటున్నాను కాబట్టి ఉద్యోగం రాదు.

బ్రిటన్‌లో 2010 ఈక్వాలిటీ చట్టం ఈ చిక్కు విప్పింది: మందు లేకపోతే మనిషి ఎలా ఉంటాడో చూసి వైకల్యాన్ని తేల్చమంది. అంతదూరం ఎందుకు? ఉద్యోగానికి హెచ్ఐవి పరీక్ష షరతు పెట్టకూడదని మన 2017 చట్టమే చెప్పింది. మిగతా జబ్బులేం పాపం చేశాయి?

మందుల ప్రశ్న ఆఫర్ ఇచ్చాకే రావాలి. డాక్టరే అడగాలి, ఆ పనికి అవసరమైనంతే అడగాలి. 'అన్‌ఫిట్' అంటే కారణం కాగితం మీద రాసివ్వాలి. లేదంటే మనవాళ్లకి రెండే దారులు: అబద్ధం రాయడం, మాత్ర మానేయడం. రెండోది ప్రాణం తీస్తుంది.