బొగ్గు తరగలేదు, కొలువులు తరిగాయి

కోనసీమలో బొగ్గు లేదు గదా, సింగరేణి గొడవ మనకెందుకంటారా? 1990ల ఆరంభంలో అక్కడ లక్షకు పైగా కార్మికులు. నేడు సుమారు 40 వేలు. బొగ్గు తగ్గిందా అంటే లేదు, 2023-24లో 7 కోట్ల టన్నులు తీశారు! భూగర్భ గనిలో వందలమంది చేసే పని ఓపెన్‌కాస్టులో షావెళ్ళు, డంపర్లు చేస్తున్నాయి. మిగిలింది కాంట్రాక్టు కూలీలకు. 2023 డిసెంబరు గుర్తింపు సంఘం ఎన్నికల్లో ఏఐటీయూసీ గెలిచింది, మంచిదే. ఆ కూలీకి మాత్రం అందులో ఓటు లేదు. కాంట్రాక్టరు పెట్టుకునే మనిషికి రోస్టరూ వర్తించదు.

మా ఇళ్ళలో తొలి డిగ్రీలు మావి. రోస్టరును నమ్ముకునే ఈ హాస్టల్లో చదివాం. మన గ్యాసు బావుల దగ్గరైనా, ఎక్కడైనా కాంట్రాక్టు పనికీ రిజర్వేషను ఉండాలని, ఆ కూలీకి సంఘంలో ఓటుండాలని మేమడుగుతున్నాం.