నీరటి నిద్ర

2025 ఆగస్టు చివర్లో గంభీరావుపేట మండలం నర్మాల దగ్గర వరద మధ్య చిక్కుకున్న రైతులను గట్టుకు చేర్చడానికి హెలికాప్టర్ రావాల్సి వచ్చింది. నిజాం కాలపు ఎగువ మానేరు ప్రాజెక్టు ఉన్న ఊరది. కూడవెల్లి, పాల్వంచ వాగులు రెండూ ఒక్కసారే పొంగితే కింద పొలంలో ఉన్న మనిషికి ఆలోచించే వ్యవధి ఉండదు. నీటిమట్టం పెరుగుతోందని చెప్పే చవక పరికరం ప్రతి కట్ట మీదా ఉండాలి.

అందుకు పనికొచ్చే చిప్పు 2014 నుంచే బజారులో ఉంది. పేరు ఈఎస్‌పీ8266, చైనా కంపెనీ ఎస్ప్రెసిఫ్ తయారీ. వైఫై అందులోనే ఉంటుంది. కట్ట పక్క గదిలో రౌటర్ ఉంటే చాలు.

చిక్కల్లా బ్యాటరీతోనే. వైఫైతో మెలకువగా ఉన్నంతసేపూ సుమారు 80 మిల్లీఆంపియర్లు లాగుతుంది. 2500 ఎంఏహెచ్ బ్యాటరీ రోజున్నరలోపే ఖాళీ. అదే గాఢనిద్రలో 20 మైక్రోఆంపియర్లు, అంటే నాలుగు వేలో వంతు. అందుకే ఎంత ఎక్కువసేపు పడుకోబెడదామా అని అందరూ చూస్తారు.

ఆ నిద్రకు మొదట్లో 71 నిమిషాల హద్దుండేది. అప్పట్లో సమయాన్ని మైక్రోసెకన్లలో 32 బిట్ల అంకెగా రాసుకునేవారు. దాదాపు 430 కోట్లకు ఆ అంకె నిండిపోయేది. తర్వాతి సాఫ్ట్‌వేర్ హద్దును మూడున్నర గంటల దాకా జరిపింది. అంతకన్నా పొడిగించాలంటే పాత ఉపాయమే ఉంది. నిద్రలోనూ చెరగని చిన్న మెమరీలో లెక్క రాసుకుని, గంటకోసారి వైఫై రేడియో తెరవకుండా లేచి, లెక్కలో ఒకటి తగ్గించి మళ్లీ పడుకోవడం. డీ0 పిన్ను నుంచి రీసెట్ పిన్నుకు తీగ ముక్క కలపడం మరిస్తే మాత్రం ఆ చిప్పు మళ్లీ లేవదు.

చెరువుకు కావాల్సింది ఈ కోడికునుకే. చెరువు నీటిని కనిపెట్టుకుని ఉండే పాతకాలపు నీరటి వానాకాలంలో ఒళ్లు మరిచి నిద్రపోయేవాడు కాదు. చిప్పు కూడా లేచిన ప్రతిసారీ నీటిని కొలవాలి. మట్టం కదలకపోతే పడుకోవాలి, జానెడు పెరిగితే వైఫై తెరిచి కబురు పంపాలి. ఇక్కడొక మెలిక ఉంది. రేడియో లేకుండా లేచిన చిప్పు మధ్యలో దాన్ని తెరవలేదు. క్షణంపాటు మళ్లీ పడుకుని, ఈసారి రేడియోతో లేవాలి.

లెక్క వేస్తే ఇది భారమేమీ కాదు. ఒక్కో కబురుకు ఐదు సెకన్లనుకుందాం. వానాకాలం నాలుగు నెలలూ పావుగంటకోసారి పంపితే చిప్పుకు సుమారు 1340 ఎంఏహెచ్ ఖర్చవుతుంది. మిగతా ఎనిమిది నెలలు ఆరు గంటలకోసారైతే 240 చాలు. సెన్సర్ వాడకం వేరే లెక్క. ఎండాకాలానికి రాసిన ఆరు గంటల నిద్రనే ఆగస్టులోనూ ఉంచేస్తే బ్యాటరీ మిగులుతుంది, కబురు మాత్రం వరద దాటిపోయాక వస్తుంది.

ఈ లెక్క ఒట్టి చిప్పుకే వర్తిస్తుంది. దుకాణంలో దొరికే నోడ్ఎంసీయూ బోర్డును అలాగే పెడితే దాని మీది యూఎస్‌బీ చిప్పు, రెగ్యులేటర్ రాత్రంతా మేలుకునే ఉంటాయి. కొన్ని మిల్లీఆంపియర్లు వాటికే పోతాయి, నెల తిరక్కుండానే బ్యాటరీ చేతులెత్తేస్తుంది. కట్ట మీద పెట్టేవాళ్లు ముందు ఆ రెండింటినీ వదిలించుకుని, మీటరు పెట్టి నిద్రలో కరెంటు ఎంతుందో చూడాలి.