వాడి జంక్షను – మన వలస

షోలాపురపు పద్మశాలీల చరిత్రను మనము మార్కండేయ మహర్షితో ఆరంభించి, వెంటనే మగ్గములకు వత్తుము. నడుమ నొక చిన్న రైలు స్టేషనును మరచుచున్నాము. ఇది తగదని మా అభిప్రాయము.

రైలు 1860లో షోలాపురమునకు, 1871లో రాయచూరునకు చేరెను. 1874లో హైదరాబాదు నుండి నిజాము రైలుమార్గము వచ్చి, నేటి కర్ణాటకలోని వాడి యను పల్లెకడ దానితో కలిసెను. ఆ పల్లె జంక్షనైనది. తెలంగాణపు సాలెవారికి పడమటి దారి తెరచుకొన్నది. 1876-78 నాటి కరవు దక్కనును పీల్చి పిప్పి చేసెను. ఆ నడుమనే, 1877లో, ఇచ్చట జూనీ మిల్లు వెలసెను. అందరును రైలెక్కియే వచ్చిరని మేమనము. కాని ఆకలికిని పనికిని నడుమ ఆ పట్టాలుండెను.

ఇక్కడివారికి మనము వచ్చినవారము, అక్కడివారికి పోయినవారము. ప్రయాణమును వ్రాయవలసినది మనమే. కూలికై వచ్చితిమని పిల్లలకు చెప్పుటకు కొందరు తల్లిదండ్రులు సంకోచింతురు. అందు సిగ్గేమి?

విద్యార్థులారా! విడిచిన ఊరు, ఎక్కిన స్టేషను, మొదట నేసిన మగ్గము ఎవరిదో ఇంటి పెద్దల నడిగి తెలుగున వ్రాసి పంపుడు. అవ్వ చెప్పిన మాటలను మాత్రము దిద్దవలదు.