బండికి బీమా ఉంది... బండెక్కే మనుషులకు?

రోడ్డు ప్రమాదంలో దెబ్బలు తగిలిన మనిషిని ఆసుపత్రికి తీసుకురాగానే బంధువులు అడిగే మొదటి ప్రశ్న ‘ప్రాణానికేం భయం లేదు కదా డాక్టర్?’ అని. రెండు మూడు రోజులకు ఇంకో ప్రశ్న వస్తుంది: ‘బండికి ఇన్సూరెన్సు ఉంది సార్, ఖర్చంతా వస్తుంది కదా?’ మొదటి ప్రశ్నకు జవాబు చెప్పడానికి మేమున్నాం. రెండో ప్రశ్నకు జవాబు మాత్రం మీ ఇంటి బీరువాలో, బండి కాగితాల మధ్య ఉంది. చాలా ఇళ్లలో ఆ జవాబు ‘రాదు’ అనే.

బీమా సంగతులు డాక్టరుకెందుకని మీకు అనిపించవచ్చు. నేను సర్జన్ని కాదు, జనరల్ మెడిసిన్ డాక్టర్ని. ప్రమాదం జరిగిన రాత్రి కంటే ఆ తర్వాతి వారాలే నాకు ఎక్కువగా కనిపిస్తాయి. తలకు దెబ్బ తగిలి మంచంపట్టిన వారికి వచ్చే న్యుమోనియా, నెలల తర్వాత మొదలయ్యే ఫిట్స్, కండరాలు నలిగిపోయి దెబ్బతినే కిడ్నీలు, పడుకుని పడుకుని వీపున పడే పుండ్లు, ఇవన్నీ మా దగ్గరికే వస్తాయి. సర్కారు ఆసుపత్రిలో మందులు ఉచితంగా ఇస్తాం. కానీ సంపాదించే మనిషి ఆరు నెలలు కదలకపోతే ఇంటి అద్దె, పిల్లల ఫీజు, పక్కన ఉండి చూసుకునే మనిషి కోల్పోయే కూలి మేం ఇవ్వలేం. చార్జీలకు డబ్బు లేక చెకప్‌కు రాకపోవడం, ఫిట్స్ మాత్రలు మధ్యలో ఆపేయడం, మళ్లీ ఫిట్స్ వచ్చి పడిపోవడం వైద్యంలోని లోపాలు కావు. అవి ఇంటి లెక్కలోని లోపాలు.

మన తీరం రోడ్ల సంగతి మీకు తెలిసిందే. ఒకపక్క చెన్నై–కోల్‌కతా 16వ నంబరు జాతీయ రహదారి, మరోపక్క కృష్ణపట్నం పోర్టుకు వచ్చిపోయే లారీలు. మైపాడు, కోడూరు బీచ్‌లకు ఆదివారం కుటుంబాలన్నీ బైకుల మీదే వెళతాయి. కోతల కాలంలో రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం, రొయ్యల బండ్ల నుంచి కారే నీళ్లు, సముద్రం దగ్గర పేరుకునే ఇసుక, చీకట్లో అడ్డొచ్చే బర్రెలు. ఇక్కడ పడిపోవడానికి ఎదుటి బండి గుద్దాల్సిన పనే లేదు. ఈ చివరి మాట గుర్తుంచుకోండి, బీమాలో దానికి చాలా ప్రాధాన్యం ఉంది.

2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. అందులో దాదాపు 45 శాతం ద్విచక్ర వాహనాల మీద వెళ్లినవారు. అయినా మన ఇళ్లలో కారుకు ఫుల్ ఇన్సూరెన్సు కడతారు, బైకుకు మాత్రం పోలీసు అడిగితే చూపడానికో కాగితం చాలనుకుంటారు. ప్రాణాపాయం ఎక్కడ ఎక్కువో అక్కడే పొదుపు చేస్తున్నాం.

ఎదుటివారికి హద్దు లేదు

మన ప్రాంతం నుంచి అమెరికా వెళ్లిన పిల్లలున్న ఇళ్లు చాలా ఉన్నాయి. అక్కడ కారు బీమా తీసుకునేటప్పుడు ‘ఎదుటివారికి దెబ్బ తగిలితే ఎంతవరకు చెల్లించాలి’ అనే పరిమితిని కొనేవారే ఎంచుకోవాలి. టెక్సస్‌లో చట్టం అడిగే కనీసం ఒక మనిషికి 30 వేల డాలర్లు. అక్కడి ఆసుపత్రి బిల్లుల ముందు అది ఏపాటిది? మీ అబ్బాయో అమ్మాయో అక్కడ ఉంటే కనీస పరిమితితో సరిపెట్టుకోవద్దని తప్పకుండా చెప్పండి.

మన దేశంలో ఈ విషయంలో చట్టం ఉదారంగా ఉంది. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. మన బండి వల్ల ఎదుటి మనిషి చనిపోయినా, గాయపడినా ట్రిబ్యునల్ ఎంత చెల్లించమంటే అంతా బీమా కంపెనీ చెల్లించాలి, దానికి పరిమితి లేదు. ఎదుటివారి ఆస్తి నష్టానికి మాత్రం కారుకైతే 7.5 లక్షల వరకే, బైకుకైతే లక్ష వరకే. ప్రీమియంలో కొద్దిగా తగ్గుతుందని దీన్ని 6 వేలకు కుదించుకునే వీలుంది. ఏజెంటు చెప్పినా ఒప్పుకోకండి. ఈ రోజుల్లో ఒక కారు బంపరుకే 6 వేలు చాలవు.

ఆ బీమా లేకపోతే ఏమవుతుందో ఒక లెక్క చూడండి. సొంతంగా చిన్న వ్యాపారం చేసుకుంటూ నెలకు 20 వేలు సంపాదించే 38 ఏళ్ల వ్యక్తి మీ బండి తగిలి చనిపోయాడనుకుందాం. ఇంట్లో భార్య, ఇద్దరు పిల్లలు. సుప్రీంకోర్టు 2009, 2017 తీర్పుల్లో చెప్పిన పద్ధతి ప్రకారం ఏడాది ఆదాయం 2.4 లక్షలకు భవిష్యత్తు పెరుగుదల కింద 40 శాతం కలుపుతారు. అతని సొంత ఖర్చు కింద మూడో వంతు తీసేస్తారు. ఆ వయసుకు 15తో గుణిస్తారు. వచ్చేది 33 లక్షల 60 వేలు. అంత్యక్రియల వంటి ఖర్చులు వేరు. బీమా ఉంటే ఇది కంపెనీ కడుతుంది, లేకపోతే మీ ఇల్లు కట్టాలి. 150 సీసీ వరకు ఉన్న మామూలు బైకుకు 2022లో కేంద్రం ఖరారు చేసిన థర్డ్ పార్టీ ప్రీమియం పన్ను కాక ఏడాదికి 714 రూపాయలు.

2018 సెప్టెంబరు నుంచి కొత్త బైకుకు 5 ఏళ్లు, కారుకు 3 ఏళ్ల థర్డ్ పార్టీ బీమా కొనేటప్పుడే కట్టించుకుంటున్నారు. మంచిదే. కానీ అయిదేళ్లు ఆ మాటే తలవని మనం ఆరో ఏట కూడా తలవం. బండి కొని అయిదేళ్లు దాటిందా? ఈ రోజే తేదీ చూసుకోండి.

వెనక కూర్చున్న మనిషి

ఎదుటివారి సంగతి చట్టం చూసుకుంది. మనవాళ్ల సంగతి మన ఎంపికకు వదిలేసింది. అసలు ఇబ్బంది ఇక్కడే.

థర్డ్ పార్టీ మాత్రమే ఉన్న బండి వెనక కూర్చున్న భార్యకు దెబ్బ తగిలితే, ఆ పాలసీ ఆమెకు వర్తించదని 2006లోనే సుప్రీంకోర్టు చెప్పింది. మీ బండి జారి మీరిద్దరూ పడితే, పక్కనే నడిచిపోతూ దెబ్బతిన్న అపరిచితుడికి ఉన్న హక్కు మీ ఇల్లాలికి లేదన్నమాట. అదే ప్యాకేజీ పాలసీ, అంటే మనం ఫుల్ ఇన్సూరెన్సు అనేది ఉంటే, బైకు వెనక కూర్చున్నవారూ కారులో ప్రయాణించేవారూ దాని కిందికి వస్తారని బీమా నియంత్రణ సంస్థ 2009లో స్పష్టం చేసింది.

‘పాత బండి, అమ్మితే ఇరవై వేలు రాదు, దానికి ఫుల్ ఇన్సూరెన్సు ఎందుకు?’ అని చాలామంది అంటారు. ఇనుము విలువ చూస్తే ఆ మాట నిజమే. కానీ ఆ బండి మీద మీ వెనక కూర్చునే మనిషి విలువ ఏటేటా తగ్గడం లేదు. పాత బండికి ప్యాకేజీ పాలసీ కట్టేది బండి కోసం కాదు, ఆ మనిషి కోసం. పైగా కొత్త బండికి తొలి ఏడాదే సొంత నష్టం బీమా ఉండి, తర్వాత థర్డ్ పార్టీ ఒక్కటే మిగిలే పాలసీలు ఎక్కువ. ఏడాది దాటాక మీది ఏ రకమో కంపెనీని అడిగి, వెనక కూర్చున్నవారికి వర్తిస్తుందా లేదా రాతపూర్వకంగా తెలుసుకోండి. కుటుంబ వాహనం బైకే అయిన దేశంలో దాని వెనక సీటును తప్పనిసరి బీమా బయట ఉంచడం అన్యాయమని నా అభిప్రాయం. చట్టం మారేదాకా ఆ లోటు మనమే పూడ్చుకోవాలి.

నడిపే మనిషి మాటేమిటి? తప్పు ఎదుటి బండిదైతే దాని బీమా నుంచి అడగవచ్చు. ఇసుకలో జారినా, బర్రె అడ్డొచ్చినా అడగడానికి ఎవరూ లేరు. అప్పుడు మిగిలేది యజమాని వ్యక్తిగత ప్రమాద బీమా ఒక్కటే. 2018 నుంచి అది 15 లక్షలు. అంతకుముందు బైకుకు లక్ష, కారుకు 2 లక్షలే ఉండేది. ఇందులో మూడు మెలికలున్నాయి. ఒకటి, అది ఆర్‌సీలో పేరున్న యజమానికి ఉద్దేశించింది. నాన్న పేరు మీదున్న బండిని కాలేజీకి తీసుకెళ్లే కొడుకుకో, స్కూలుకు తీసుకెళ్లే టీచరమ్మకో అది అక్కరకొస్తుందన్న భరోసా లేదు. రెండు, చెల్లుబాటయ్యే లైసెన్సు లేకపోయినా, మద్యం తాగి నడిపినా రాదు. మూడు, మరణానికీ శాశ్వత వైకల్యానికే డబ్బిస్తారు. తొడ ఎముక విరిగి నాలుగు నెలలు ఇంట్లో ఉంటే ఒక్క రూపాయి రాదు. మా వార్డుల్లో ఎక్కువమంది ఈ మూడో కోవలోని వారే.

ఎంతకు తీసుకోవాలి?

నా సలహా ఇది. ఇంట్లో బండి నడిపే ప్రతి ఒక్కరికీ వారి వారి పేరు మీద విడిగా ప్రమాద బీమా ఉండాలి. అన్ని సాధారణ బీమా కంపెనీలూ ఒకే నిబంధనలతో అమ్మే ‘సరళ్ సురక్షా బీమా’ 2021 నుంచి ఉంది, 2.5 లక్షల నుంచి కోటి దాకా తీసుకోవచ్చు. సంపాదించే మనిషికి పదేళ్ల ఆదాయమంత ఉండాలి. తాత్కాలికంగా పనికి వెళ్లలేని వారాలకు డబ్బిచ్చే అదనపు రక్షణ అందులో ఉంది, అది వదలకండి. అదీ భారమైతే కనీసం బ్యాంకు ఖాతా ద్వారా ఏడాదికి 20 రూపాయలు కట్టే ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనలో 18 నుంచి 70 ఏళ్ల లోపు అందరినీ చేర్చండి. ప్రమాద మరణానికి 2 లక్షలు వస్తాయి.

ఆసుపత్రి ఖర్చు వేరు. 2025 మేలో కేంద్రం తెచ్చిన పథకంలో రోడ్డు ప్రమాద బాధితులకు గుర్తింపు పొందిన ఆసుపత్రుల్లో 7 రోజుల వరకు 1.5 లక్షల దాకా నగదు రహిత వైద్యం అందుతుంది. ప్రాణం నిలిపే తొలి గంటలకు అది గొప్ప సాయం. కానీ తల దెబ్బలు ఏడు రోజుల్లో మానవు. మధ్యతరగతి కుటుంబానికి 10 లక్షల ఆరోగ్య బీమా, దాని మీద సూపర్ టాపప్ అవసరమని నేనంటాను.

ఆసుపత్రిలో దాచకండి

బీమా ఉండీ డబ్బు రాని ఇళ్లు కూడా ఉంటాయి. దానికి ఒక కారణం మా క్యాజువాలిటీలోనే మొదలవుతుంది. పోలీసుల గొడవ ఎందుకని ‘ఇంట్లో మెట్ల మీద పడ్డాడు’ అని చెబుతారు. డాక్టరు అదే రాసుకుంటాడు. నెల తర్వాత క్లెయిమ్‌కు ఆ కాగితమే అడ్డం తిరుగుతుంది. జరిగింది జరిగినట్టు చెప్పండి. మెడికో లీగల్ కేసుగా నమోదు చేయించండి, గాయాల సర్టిఫికెట్, ఎఫ్‌ఐఆర్ కాపీ, డిశ్చార్జి సమ్మరీ, బిల్లులు భద్రం చేయండి. 2022 ఏప్రిల్ నుంచి ప్రమాదం జరిగిన 6 నెలల్లోగా ట్రిబ్యునల్‌లో దరఖాస్తు చేయాలని చట్టంలో ఉంది, ఆలస్యం చేయకండి. గుద్దిన బండి ఏదో తెలియకపోయినా మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేలు ప్రభుత్వ నిధి నుంచి వస్తాయి.

ఒక మాట మాత్రం మరవద్దు. ఏ పాలసీ అయినా తల పగిలాకే పనికొస్తుంది, పగలకుండా కాపాడేది హెల్మెట్టే. ముందు ఇద్దరికీ హెల్మెట్లు, ఆ తర్వాత పాలసీ. లైసెన్సు లేని పిల్లల చేతికి తాళాలు ఇవ్వకండి. ఇస్తే తల్లిదండ్రులకు 25 వేల జరిమానా, 3 ఏళ్ల దాకా జైలు. బీమా కంపెనీ ఎదుటివారికి కట్టిన డబ్బు మీ నుంచి తిరిగి వసూలు చేసే ప్రమాదమూ ఉంది.

ఈ ఆదివారం మైపాడుకు బయల్దేరే ముందు ఒక్క పావుగంట కేటాయించండి. బండి పాలసీ తీసి అయిదు సంగతులు చూడండి: ఎప్పటివరకు ఉంది, థర్డ్ పార్టీనా ప్యాకేజీనా, యజమాని ప్రమాద బీమా 15 లక్షలు ఉందా, వెనక కూర్చునేవారికి ఏముంది, నడిపే అందరి లైసెన్సులూ చెల్లుతున్నాయా. అవన్నీ ఇంట్లో అందరికీ తెలిసేలా ఒక కాగితం మీద రాసి బీరువా తలుపుకు అంటించండి. ప్రమాదం జరిగిన రోజు ఆ కాగితాల కోసం వెతకాల్సింది సాధారణంగా మీరు కాదు, మీ ఇంట్లోవాళ్లు.