చక్కెర లెక్క సరే, మూత్రపిండాల లెక్క చూశారా?

ఒక సోదరి రాసిన ఉత్తరం నా ముందున్నది. వారి భర్తగారికి యాభై రెండేళ్లు. తొమ్మిదేళ్లుగా మధుమేహం. మొన్న ఊళ్లో ఒక ల్యాబువారు తక్కువ ధరకు "అన్ని పరీక్షలూ" చేస్తామంటే వెళ్లి చేయించుకున్నారట. వచ్చిన కాగితాల్లో సి.ఆర్.పి. అనే దానికి ఎదురుగా 9 అని ముద్దక్షరాల్లో ఉన్నది. "అది లోపల మంటకు గుర్తు, కిడ్నీలు పోతున్నాయేమో!" అన్నారట పక్కింటివారు. ఆనాటినుంచి ఆ ఇంట్లో ఎవరికీ అన్నం సహించడం లేదు. "ఆ అంకె మూత్రపిండాలదేనా?" అని అడుగుతూ కాగితాల నకలు కూడా జత చేశారు.

అమ్మా, ఆ నకలు రెండుసార్లు తిరగేశాను. చక్కెర ఉంది, కొలెస్టరాల్ ఉంది, థైరాయిడ్ ఉంది, విటమినులు కూడా ఉన్నాయి. మధుమేహం ఉన్నవారు ఏటేటా తప్పక చేయించుకోవలసిన మూత్రపరీక్ష మాత్రం లేదు. ఊరందరినీ పెళ్లికి పిలిచి పురోహితుణ్ణి మరిచిపోయినట్లుంది!

ముందు ఆ 9 సంగతి చూద్దాం. సి.ఆర్.పి. ఒక మాంసకృత్తు. 1930లో న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ సంస్థలో టిల్లెట్, ఫ్రాన్సిస్ అనే ఇద్దరు న్యుమోనియా రోగుల రక్తంలో దీని జాడ కనిపెట్టారు. ఒంట్లో ఏ మూల చికాకు పుట్టినా కాలేయం దీన్ని తయారుచేసి రక్తంలోకి వదులుతుంది. జలుబు చేసినా, పంటి చిగురు వాచినా, కాలికి పుండున్నా, పొట్ట పెరిగినా ఈ అంకె లేస్తుంది. ఊళ్లో ఎక్కడో పొగ లేస్తున్నదని చెబుతుంది గాని, ఎవరి ఇల్లు అంటుకున్నదో చెప్పదు. అంచేత 9 చూసి మూత్రపిండాలు పోయాయనుకోనక్కర లేదు. మీవారి పళ్లూ పాదాలూ డాక్టరుగారికి చూపించండి. కొద్ది వారాలు గడిచాక ఆ పరీక్ష మళ్లీ చేయించవచ్చు.

అయితే మంటకూ మూత్రపిండానికీ సంబంధమే లేదా? ఉన్నది. ఒక్కొక్క మూత్రపిండంలో సుమారు పది లక్షల సన్నని జల్లెడలు ఉంటాయి. రోజుకు దాదాపు 180 లీటర్ల నీరు వాటిగుండా వడకట్టబడి, చాలావరకు తిరిగి రక్తంలోకే పోతుంది. ఏళ్ల తరబడి చక్కెర, రక్తపుపోటు ఎక్కువగా ఉంటే ఆ జల్లెడల గోడలు దెబ్బతింటాయి. దెబ్బతిన్న కణాలు సాయానికి కేకవేస్తాయి, తెల్లకణాలు వచ్చి చేరతాయి. బాగుచేయడానికి వచ్చినవారే పోకుండా అక్కడే మకాం వేస్తే ఏమవుతుంది? లోపల మచ్చలు కడతాయి. మచ్చ కట్టిన జల్లెడ మళ్లీ వడపోయదు. ఇదంతా జరిగేటప్పుడు నొప్పి ఉండదు, జ్వరం ఉండదు.

ఈ మంటను రక్తంలో ముందుగా పసిగట్టవచ్చునా అని అమెరికాలో బోస్టన్ నగరంలోని జాస్లిన్ వైద్యులు ప్రయత్నించారు. 1990ల్లో 410 మంది మధుమేహ రోగుల రక్తం తీసి భద్రపరచి, పన్నెండేళ్లపాటు వారిని గమనిస్తూ వచ్చారు. అందులో 59 మందికి మూత్రపిండాలు పూర్తిగా చెడ్డాయి. మంటకు గుర్తులనుకునే పదార్థాలను ఆ పాత రక్తంలో వరుసగా కొలిచి చూడగా, టి.ఎన్.ఎఫ్. రిసెప్టర్లు అనే రెండు మాత్రమే ముందు రాబోయేదానికి సరిపోయాయి. మొదటి రిసెప్టరు ఎక్కువగా ఉన్న పై నాలుగో వంతు మందిలో నూటికి 54 మందికి పన్నెండేళ్లలో ఆ దశ వచ్చింది. మిగిలిన మూడు వంతుల్లో నూటికి ముగ్గురికే! 2012లో వెలువడిన ఈ లెక్క చూసి చాలామంది ఆశ్చర్యపోయారు. 2019లో వారే మరికొందరితో కలిసి, ఆరిజోనాలోని పీమా తెగవారి రక్తం కూడా తీసుకుని, 194 మాంసకృత్తులను కొలిస్తే పదిహేడు తేలాయి. ఆ పదిహేడులో ఈ రిసెప్టర్ల బంధువులే ఎక్కువ. ఈ రెంటినీ మరొకదానితో కలిపి చూసే పరీక్షకు అమెరికా ప్రభుత్వం 2023లో అనుమతి ఇచ్చింది. మన ఊళ్లో మామూలు ల్యాబుకు వెళ్లి అడిగితే మాత్రం అది దొరికేది కాదు. దానికోసం బెంగపడనూ వద్దు.

ఎందుకంటే, దొరికేదాన్నే మనం చేయించుకోవడం లేదు! ఉదయం లేవగానే పట్టిన మూత్రంలో ఆల్బుమిన్, క్రియాటినిన్ ఈ రెంటి నిష్పత్తి చూడమని అడగండి. అది 30 లోపుంటే మంచిదే. 30 దాటితే జల్లెడ కారుతున్నదని అనుమానం, 300 దాటితే గట్టి దెబ్బే. జ్వరం ఉన్నప్పుడు, మూత్రంలో చీము ఉన్నప్పుడు, ముందురోజు ఒళ్లు హూనమయ్యే పని చేసినప్పుడు లెక్క తప్పుతుంది. కాబట్టి ఒక్కసారి చూసి తీర్పు చెప్పరు. మూడు నుంచి ఆరు నెలల్లో మూడుసార్లు చూసి, రెండుసార్లు ఎక్కువ వస్తేనే ఖాయం చేస్తారు.

దానితోబాటు రక్తంలో క్రియాటినిన్ కూడా చూడాలి. ఇందులో ఒక మోసం ఉన్నది. మూత్రపిండాల శక్తి సగం తరిగిపోయేదాకా అది మామూలుగానే కనిపించవచ్చు. కండలేని సన్నపాటి ముసలమ్మగారిలో మరీను. అందుకే ఆ అంకెను వయస్సుతోనూ, ఆడా మగా అన్నదానితోనూ కలిపి లెక్కగట్టి ఇ.జి.ఎఫ్.ఆర్. అని ఇస్తారు. అది మూడు నెలలకు పైగా 60కి దిగువనే ఉంటే ఊరుకోకూడదు. పెద్దవయస్సులో వచ్చే మధుమేహానికి, జబ్బు బయటపడ్డ రోజునుంచే ఏటా ఈ రెండు పరీక్షలూ అవసరం. చిన్నతనంలో ఇన్సులిన్ మీద పడ్డవారికి అయిదేళ్ల తర్వాత మొదలుపెట్టినా చాలు.

ముందే తెలిస్తే ఒరిగేదేమిటి అని మీవారు అడగవచ్చు. మగవారు అడుగుతారు. 1993లో కాప్టోప్రిల్ అనే రక్తపుపోటు మందు చిన్ననాటి మధుమేహం ఉన్నవారిలో మూత్రపిండాలను కాపాడుతుందని తేలింది. 2019లో కానాగ్లిఫ్లోజిన్ అనే మాత్ర 4,401 మందిలో ఎంత స్పష్టంగా పనిచేసిందంటే, ఆ పరిశోధన గడువుకు ముందే ఆపేశారు. మూత్రపిండాలు చెడిపోవడం వంటి ప్రమాదం నూటికి 30 వంతులు తగ్గింది. ఇవి డాక్టరుగారు చూసి రాయవలసిన మందులు సుమండీ, పక్కింటివారి సీసాలోంచి తీసుకునేవి కావు. చివరిదాకా ఆగితే మిగిలేది డయాలిసిస్: వారానికి మూడుసార్లు, పూటకు నాలుగేసి గంటలు మంచం మీద. దగ్గరివారిలో చూసినవారికి వేరే చెప్పనక్కరలేదు.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో అంతమందికి చక్కెర లేకుండానే మూత్రపిండాలు చెడుతున్నాయి గదా, చక్కెరనే ఎందుకంటారని మరొక పాఠకుడు అడిగారు. నిజమే, అక్కడి జబ్బు వేరు. కాని మూత్రపిండాలు చెడడానికి ప్రపంచం మొత్తం మీద మొదటి కారణం మధుమేహమే.

మోకాళ్ల నొప్పికి మందులషాపులో అడిగి కొనే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ మాత్రల సంగతి కూడా ఆ సోదరి రాశారు, మీవారు వారానికి నాలుగు వేసుకుంటారని. ముందు అవి ఆపించి, డాక్టరుగారితో చెప్పండి. ఆవకాయ మానలేకపోతే రోజుకొక ముక్కతో సరిపెట్టుకోమనండి. మూత్రపరీక్ష కాగితం వచ్చాక, కావాలంటే మళ్లీ రాయండి.