ఇంటర్వెల్ దాకానే చదివిన నవల

"నవల చదివి సినిమా చూడాలా? సినిమా చూసి నవల చదవాలా?"

ఈ పేజీకి వచ్చే ప్రశ్నల్లో ఇది పాత కాపు. నెలకోసారైనా ఎవరో ఒకరు అడుగుతారు. నేనేమో ప్రతిసారీ ఏదో జోకు వేసి తప్పించుకుంటూ వచ్చాను. ఈ వారం ఇక తప్పించుకోను. జవాబు చెప్పాలంటే నేను చేసిన ఒక వెధవ పని మీ ముందు ఒప్పుకోవాలి. అదే ఇన్నాళ్ల జంకు.

1975 వేసవి. తెనాలిలో మా ఇల్లు. అక్కయ్య పెళ్లికి ఇంకా నాలుగు రోజులుంది. నాకు 13 ఏళ్లు. వీధి చివర అద్దె పుస్తకాల షాపు. రోజుకి పావలా. పుస్తకాలకి గోధుమరంగు అట్టలు, లోపల ముందు చదివిన మహానుభావుల చేతిరాతలు. డిటెక్టివ్ నవలైతే మూడో పేజీలోనే మార్జిన్లో "హంతకుడు వంటవాడే" అని రాసి పుణ్యం కట్టుకునేవాడు ఒకడుండేవాడు. వాడెవడో ఈనాటికీ తెలీదు. దొరికితే మాత్రం వదిలిపెట్టను.

అక్కయ్య యద్దనపూడి సులోచనారాణిగారి 'సెక్రటరీ' చదువుతోంది. పసుపు కొట్టే చోటా, పూలు కట్టే చోటా ఒళ్లో ఆ పుస్తకమే. సగానికొచ్చింది. నాన్నగారు చూశారు. "పెళ్లివారొచ్చే వేళ ఈ నవలేమిటమ్మా?" అని నాచేతే షాపుకి తిప్పి పంపించేశారు. ఆ సాయంత్రం అక్కయ్య నన్ను నూతిపళ్లెం దగ్గరికి పిలిచి గుప్పిట్లో పావలా పెట్టింది. "ఒరేయ్, ఎవరూ చూడకుండా మళ్లీ పట్రా. రాత్రికి రాత్రి చదివేసి ఇచ్చేస్తాను" అంది.

వెళ్లాను. 'సెక్రటరీ' షాపులోనే ఉంది. దాని పక్కన తాడుకి వేలాడుతూ కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివ్ నవల. అట్టమీద పిస్తోలు. ఇంకేం కావాలి? ఆ పావలా దానికి పోసి, చొక్కాలోపల దాచుకుని ఇంటికొచ్చాను. "ఎవరో పట్టుకెళ్లిపోయారటక్కా, వారం దాకా రాదట" అన్నాను. అక్కయ్య ఒక్క క్షణం నా మొహంలోకి చూసి "సర్లే" అంది. నాలుగో రోజున భీమవరం దగ్గర అత్తారింటికి వెళ్లిపోయింది.

1976లో ఆ నవల సినిమాగా వచ్చింది. అక్కినేని, వాణిశ్రీ, దర్శకుడు కె.ఎస్.ప్రకాశరావుగారు, నిర్మాత రామానాయుడుగారు. అక్కయ్య అత్తగారిని బతిమాలి, ఇంటిల్లిపాదితో కలిసి ఫస్ట్ షోకి వెళ్లింది. ఎందుకనుకున్నారు? ముగింపు తెలుసుకుందామని. ఇంటర్వెల్ అయిన కాసేపటికి మావగారు లేచి "ఆఖరి బస్సు పోతుంది, పదండి" అన్నారట. అందరూ లేచారు. అక్కయ్యా లేచింది. ఆ తర్వాత పిల్లలు, పొలం, వంట. అంతే సంగతులు.

పోయిన సంక్రాంతికి నేను భీమవరం వెళ్లినప్పుడు మాటల్లో తనే చెప్పింది ఇదంతా. నవ్వుతూనే చెప్పింది. నాకు మాత్రం అరిసె గొంతులో అడ్డం పడింది. "ఎవర్నైనా అడిగితే కథ చెప్పేవాళ్లుగా?" అన్నాను. "చెప్పించుకుంటే చదివినట్టవుతుందట్రా?" అంది. అప్పుడిక దాచలేక పావలా కథ చెప్పేశాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెయ్యి చాపి, "అయితే నా పావలా ఏదీ?" అంది.

ఆ బాకీ తీర్చడానికి కట్టిన పుస్తకాల పార్సిలే ఈ వారం మన కబురు. అందులో మూడు కట్టలు: అక్కయ్యకి ప్రేమ నవలలు, బావగారికి సస్పెన్సు, పదిహేనేళ్ల మనవరాలికి ఆ వయసు పుస్తకాలు. మీలో ఎవరు ఏ కట్టలోకి వస్తారో మీరే చూసుకోండి.

మొదటి కట్టలో మొదటి పుస్తకం వేరే చెప్పాలా? 'సెక్రటరీ' 1960లలో 'జ్యోతి' మాసపత్రికలో సీరియల్‌గా వచ్చింది. ఉద్యోగానికొచ్చిన జయంతి, ఆమె యజమాని రాజశేఖరం. కారున్న ఆరడుగుల హీరో అని వెక్కిరించేవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. కుర్రతనంలో నేనూ వెక్కిరించాను. కానీ ఆ రోజుల్లో ఆడపిల్లలు చదివింది కారు కోసం కాదు. తన జీతం తను తెచ్చుకుంటూ, మాట పడాల్సి వస్తే కుర్చీలోంచి లేచి నిలబడే జయంతి కోసం. ఇది తెలుసుకోడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. సులోచనారాణిగారు 1940లో కృష్ణా జిల్లా కాజలో పుట్టి, 2018లో అమెరికాలో కన్నుమూశారు.

రెండోది ఆవిడదే 'మీనా'. తల్లి గీసిన గీత దాటలేని పట్నం పిల్ల పల్లెటూరి బంధువుల ఇంటికెళ్లి తన మనసేమిటో తెలుసుకుంటుంది. 1973లో విజయనిర్మలగారు దీన్ని సినిమాగా తీశారు, హీరో కృష్ణ. 2016లో త్రివిక్రమ్ 'అ ఆ' వచ్చినప్పుడు పాత పాఠకులు "అరె, మన మీనా కదూ!" అన్నారు. 'అ ఆ' చూసినవాళ్లు ఈ నవల చదివితే భలే సరదాగా ఉంటుంది.

మూడోది కోడూరి కౌసల్యాదేవిగారి 'ప్రేమ్‌నగర్'. 1971లో సినిమా ఎంత ఆడిందో మీ ఇళ్లలో పెద్దవాళ్లనడగండి. 1972లో తమిళంలో శివాజీ గణేశన్‌తో 'వసంత మాళిగై', 1974లో హిందీలో రాజేష్ ఖన్నాతో మళ్లీ 'ప్రేమ్‌నగర్'. ఒక తెలుగు రచయిత్రి కలం మూడు భాషల్లో హౌస్‌ఫుల్ బోర్డులు పెట్టించింది. ఆవిడ 'చక్రభ్రమణం' నవలే 1964లో 'డాక్టర్ చక్రవర్తి' అయింది. ఆ ఏడే మొదలైన నంది అవార్డుల్లో మొట్టమొదటి ఉత్తమ చిత్రం అదే.

ఇక్కడ ఒక్క మాట, కుర్రకారు కోసం. పాత ప్రేమ నవలల్లో హీరోగారు అప్పుడప్పుడు కసురుకుంటాడు, పెడసరంగా ఉంటాడు, మనసులో మాట చివరి పేజీ దాకా చెప్పడు. అది ఆ కాలపు అలవాటు. చదివి ఆనందించండి గానీ, నిజం మనిషిలో కసురుకోవడం కనబడితే అది లోపల దాచుకున్న ప్రేమే అనుకోకండి. ఉత్త కసురే అయ్యుండొచ్చు.

రెండో కట్ట బావగారిది. ఆయన రిటైరైన లెక్కల మాస్టారు. "నవలలు టైం వేస్టు" అనే రకం. అలాంటివాళ్లకి ప్రేమకథ ఇస్తే పక్కన పెడతారు. చిక్కు లెక్క ఇస్తే నిద్ర మానేస్తారు. అందుకని ముందు కొమ్మూరి సాంబశివరావుగారి యుగంధర్ నవల ఒకటి. డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు. పెద్దగా ఆర్భాటం ఉండదు. ఆధారాలన్నీ మన ముందే పెట్టి, మనం చూడలేదని చివర్లో చూపిస్తారు. నా మొదటి దొంగతనం కూడా ఆయన పుస్తకం కోసమేనని మీకు తెలుసుగా! పరుగులు, పోరాటాలు కావాలంటే మధుబాబుగారి షాడో ఉన్నాడు. గంగారాం పక్కనుంటే నవ్వులకీ లోటుండదు.

తర్వాత మల్లాది వెంకటకృష్ణమూర్తిగారి 'చంటబ్బాయ్'. 1986లో జంధ్యాలగారు చిరంజీవితో తీసిన సినిమా మీలో చాలామంది టీవీలో చూసే ఉంటారు. డిటెక్టివ్ అంటే కోటూ పైపూ అనుకునేవాళ్లకి మన గల్లీ డిటెక్టివ్‌ని చూపించిన నవల.

యండమూరి వీరేంద్రనాథ్‌గారివి రెండు పెట్టాను. ఒకటి 'అభిలాష'. ఉరిశిక్ష రద్దు కావాలని పట్టుబట్టిన కుర్ర లాయరు, అమాయకుడికి కూడా ఉరి పడొచ్చని రుజువు చెయ్యడానికి తనే హత్యకేసులో ఇరుక్కుంటాడు. బయటికి రావడానికి దారి ముందే ఏర్పాటు చేసుకుంటాడు. ఆ దారి మూసుకుపోతే? ఇంతకంటే చెప్పను. సినిమా 1983లో వచ్చింది. రెండోది 'వెన్నెల్లో ఆడపిల్ల'. చెస్ ఆటగాడు రేవంత్‌కి ఒకమ్మాయి ఫోన్ చేస్తుంది, చేతనైతే తన నంబరు కనుక్కోమని సవాలు విసురుతుంది. ప్రేమకథా? పజిలా? రెండూ. 1995లో కన్నడంలో 'బెళదింగళ బాలె' అని తీశారు. ఇప్పటి సెల్‌ఫోన్ల కాలంలో నంబరు దానంతటదే కనబడుతుంది కనక, ఆ చిక్కుముడి ఇప్పుడు మరీ ముద్దొస్తుంది. 'తులసిదళం' మాత్రం పార్సిల్లో పెట్టలేదు. ఇంట్లో చిన్నపిల్ల ఉంది. చేతబడి పుస్తకం చదివి రాత్రిళ్లు లైటు ఆర్పనివ్వకపోతే అక్కయ్య నన్నంటుంది.

మూడో కట్టే కష్టమైంది. మనవరాలు ఇంగ్లీషు మీడియం. తెలుగు చదువుతుంది గానీ కూడబలుక్కుని చదువుతుంది. "తాతయ్యా, నేను స్లో" అని ముందే చెప్పేసింది. అలాంటివాళ్లకి లావుపాటి పుస్తకం ఇస్తే భయపడి పారిపోతారు. ముళ్లపూడి వెంకటరమణగారి 'బుడుగు'తో మొదలుపెట్టాను. చిన్న చిన్న ముక్కలు, మాట్లాడినట్టే ఉండే తెలుగు, బాపుగారి బొమ్మలు. తర్వాత చందమామలో దాసరి సుబ్రహ్మణ్యంగారి సీరియల్ 'తోకచుక్క'. ప్రతి భాగం చివరా గుండె ఆగే చోట ఆపుతారు. ఎంత మెల్లగా చదివేవాళ్లయినా పేజీ తిప్పక తప్పదు.

అవి దాటాక మొక్కపాటి నరసింహశాస్త్రిగారి 'బారిస్టర్ పార్వతీశం'. మొదటి భాగం 1924 నాటిది. మొగల్తూరు నుంచి లండన్ బయల్దేరిన కుర్రాడు. భీమవరం పిల్లకి మొగల్తూరు పక్క ఊరేగా! ఇల్లు దాటి కొత్త చోటికి వెళ్లి బెదిరిపోయిన ప్రతివాళ్లూ పార్వతీశం చుట్టాలే. హాస్టల్లో చేరబోయే వాళ్లకి ఇంతకంటే మంచి తోడు లేదు.

అన్నిటికంటే అడుగున, "ఇంటర్ అయ్యాక చదువు" అని చీటీ అంటించి డాక్టర్ పి.శ్రీదేవిగారి 'కాలాతీత వ్యక్తులు' పెట్టాను. 1950ల చివర 'తెలుగు స్వతంత్ర'లో వచ్చింది. విశాఖపట్నం, కొందరు చదువుకునే కుర్రవాళ్లు, వాళ్ల మధ్య ఇందిర. ఉద్యోగం చేసి తండ్రిని పోషిస్తుంది, ఎవరి జాలీ అడగదు. మీకు ఇందిర నచ్చకపోవచ్చు. నాకూ మొదటిసారి నచ్చలేదు. రెండోసారికి ఆమెని తప్పుపట్టడానికి మాటలు దొరకలేదు. 1963లో ఆదుర్తి సుబ్బారావుగారు 'చదువుకున్న అమ్మాయిలు' తీసింది ఈ నవల ఆధారంగానే. అది చూడ్డానికి రచయిత్రి లేరు. 1961లోనే, చిన్న వయసులో పోయారు.

పార్సిలు వెళ్లిన రెండు వారాలకి తెలిసిన సంగతేమిటంటే, అక్కయ్యకి శుక్లాల ఆపరేషనయిందట. నాకు చెప్పనే లేదు. నెల్లాళ్లు చదవకూడదన్నారట డాక్టరుగారు. పుస్తకం చేతికొచ్చింది, కళ్లు లేవు. నాకు ఫోనులో నోట మాట రాలేదు. యాభై ఏళ్ల తర్వాత కూడా 'సెక్రటరీ' మా అక్కయ్యకి అందదా?

మొన్న ఆదివారం రాత్రి తొమ్మిదిన్నరకి మనవరాలి ఫోను. "తాతయ్యా, నానమ్మకి రోజూ నేనే చదివి పెడుతున్నాను. ఇంకా పద్దెనిమిది పేజీలున్నాయి. రేపు నాకు స్కూలుంది, నిద్రొస్తోంది, రేపు చదువుదామంటే ఒప్పుకోవట్లేదు. నువ్వు చెప్పు" అంది. వెనకనుంచి అక్కయ్య గొంతు: "వాడికెందుకు ఫోను? వాణ్ణడిగితే ఎవరో పట్టుకెళ్లిపోయారంటాడు. చదువు, చదువు."

"చదివెయ్యమ్మా, రేపు స్కూలుకి కాస్త ఆలస్యమైనా ఫరవాలేదు" అన్నాను. ఫోను పెట్టెయ్యకుండా పక్కన పెట్టింది కాబోలు, నాకూ వినబడింది. ఒత్తులు తప్పుతున్నాయి, ఒక మాట రెండుసార్లు చదువుతోంది. అక్కయ్య దిద్దడం లేదు. నేను పూర్తిగా వినలేదు. అది వాళ్లిద్దరి పుస్తకం, నాది కాదు.

మర్నాడు పొద్దున్న అక్కయ్యే ఫోన్ చేసింది. "బావుందిరా. ఆ రోజు చదివుంటే ఇంకా బావుండేది" అంది. అంతే. నేను జవాబు చెప్పలేకపోయాను. తర్వాత, "ఆ మీనా కూడా ఇవాళ్టినుంచి మొదలెడుతున్నాం" అంది.

ఇప్పుడు మీ ప్రశ్నకి జవాబు. నవల ముందా, సినిమా ముందా? ఏదైనా ఫరవాలేదు. సగంలో మాత్రం ఆపకండి. ఇంకొకరు చదువుతున్నది సగంలో ఆపించకండి. ఒకరికి పుస్తకం ఇచ్చేటప్పుడు మీకు నచ్చింది కాదు, వాళ్లు అడిగింది ఇవ్వండి. చివరేమవుతుందో చచ్చినా చెప్పకండి. మార్జిన్లో అసలు రాయకండి.

మీ ఇంట్లో కూడా ఎవరో ఒకరు సగంలో వదిలేసిన నవల ఉండే ఉంటుంది. అమ్మనో, అమ్మమ్మనో, మేనత్తనో అడిగి చూడండి. పేరు చెప్తే నాకు రాయండి, ఎక్కడ దొరుకుతుందో వెతుకుదాం. విజయవాడ పుస్తకాల పండగా, ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ ఉండగా మనకేం లోటు?

అన్నట్టు, ఆ పావలా. పాత నాణేలు అమ్మేవాడి దగ్గర ఒకటి కొన్నాను. పావలా ధర ఎంతయిందో మాత్రం అడక్కండి. వచ్చే సంక్రాంతికి స్వయంగా తీసుకెళ్లి అక్కయ్య చేతిలో పెడతాను.